తెల్లపాడులో పొగ లేని ఎనిమిది రోజులు

ఫర్హానా,

నీ నోటీసు అందింది. మార్చి పంతొమ్మిదో తారీకు ఉదయం తొమ్మిదీ ఇరవైకి తెల్లపాడు శివారులో వాటా లేని సున్నపుబట్టీ నుంచి పొగ వచ్చిందనీ, వెలిగించిందెవరో ఏడు రోజుల్లో రాసి పంపాలనీ పంచాయతీకి పంపావు. ప్రెసిడెంటు దాన్ని తెచ్చి మా పిన్ని చేతికిచ్చాడు. పిన్ని నాకిచ్చింది. జవాబుకి రెండు గీతలు వదిలావు. రెండు గీతల్లో పట్టే జవాబైతే ఆరేళ్ల కిందటే రాసేదాన్ని. విడిగా కాయితాలు జత చేస్తున్నాను. రేపు ఈ ఫైలు తిరగేసే వాళ్లకి మన సంగతులు తెలియవు గనక నీకు తెలిసినవి కూడా రాస్తాను. విసుక్కోకుండా చదువు.

ముందు ముక్కు సంగతి. దానికి పెద్ద పేరే పెట్టాం కానీ ప్రయోగశాలలో అందరం ముక్కు అనే అన్నాం. కొబ్బరికాయంత పెట్టె. స్తంభానికి బిగిస్తే చుట్టూ పది కిలోమీటర్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో చెప్పడమే కాదు, అది ఎవరిదో కూడా చెబుతుంది. కర్బనంలో బరువైనవీ తేలికైనవీ ఉంటాయి. వాటి పాళ్లు చూసి ఇది ఫలానా గని బొగ్గు, ఇది ఫలానా కొండ రాయి అని పసిగడుతుంది. పదకొండేళ్లు పట్టింది నాకు దాన్ని చేయడానికి. నువ్వు చివరి మూడేళ్లలో వచ్చావు.

ఢిల్లీలో కమిటీ ముందు చూపించిన రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. దేశమంతటికీ పొగవాటాలు పంచాలి, ఒకరి వాటా ఒకరు కొనుక్కునే బజారు పెట్టాలి, కానీ ఎవరి పొగ ఎంతో ఎవరూ నిజం చెప్పరు, అదీ వాళ్ల బాధ. నేను ముక్కు ముందు ఊపిరి వదిలాను. తెర మీద 'మనిషి' అని వచ్చింది. నువ్వు అగ్గిపుల్ల గీశావు, 'కర్ర' అని వచ్చింది. నేను సంచిలోంచి తెల్లరాయి తీసి దాని మీద నిమ్మకాయ పిండాను. రాయి బుసబుసా పొంగింది. ముక్కు రెండు క్షణాలు ఆగి 'సున్నపురాయి, పల్నాడు' అంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకాయన ఆ రాయి ఎక్కడిదమ్మా అని అడిగాడు. దారిలో ఏరుకున్నానండీ అన్నాను.

అది దారిలో రాయి కాదు. మా నాన్న బట్టీ దగ్గర కుప్పలోది. మా నాన్న వీరాస్వామి, తెల్లపాడులో బట్టీ మేస్త్రి. నా పేరు అంకిత కాదు, అంకమ్మ. ఇంటర్లో చేరేటప్పుడు నేనే మార్చుకున్నాను. హాస్టల్లో ఎవరో మీ నాన్నగారేం చేస్తారని అడిగితే టీచరని చెప్పాను. ఆ టీచరుని ఇరవై ఐదేళ్లు మోశాను. మా నాన్న కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని, ఒళ్లంతా కొబ్బరినూనె రాసుకుని, కనురెప్పలతో సహా తెల్లగా అయి ఇంటికొచ్చేవాడు. ఆయన్ని చూసి నేను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు చిన్నదే. దాన్ని దాచడానికి చేసిన పని పెద్దది.

వాటాలు పంచే పద్ధతి నీకు తెలుసు. మొదటి కొలత ఏదో అదే అందరి వాటాకీ ఆధారం. ముక్కులు దేశమంతా ఒకేసారి ఎనిమిది రోజులు గాలి చూస్తాయి. అప్పుడు నువ్వెంత పొగ వదిలావో దాన్నిబట్టి ఏడాదికి నీ వాటా ఉచితం. అంతకు మించి వదిలితే బజారులో కొనుక్కోవాలి. తారీకులు ముందే తెలిస్తే ఫ్యాక్టరీలవాళ్లు కావాలని రెండింతలు కాల్చి వాటా పెంచుకుంటారు గనక ఆ తారీకులు ఏడుగురికే తెలియాలన్నారు. ఏడుగురిలో నేనొకదాన్ని. ప్రమాణం చేయించారు. ఒక ఫారం కూడా నింపించారు: పొగ వదిలే ఏ వ్యాపారంలోనైనా మీకు బంధువులున్నారా? లేరు అని రాసి సంతకం పెట్టాను. ఫిబ్రవరి మూడు నుంచి పది దాకా కొలత.

ఫిబ్రవరి ఒకటిన మా నాన్న బట్టీ దగ్గరే కూలిపోయి చనిపోయాడు.

సెలవు చీటీలో 'తండ్రి మరణం' అని రాశాను. ఊరి పేరు రాయలేదు. నువ్వు తోడొస్తానన్నావు, గుర్తుందా? వద్దన్నాను. దుఃఖంలో ఒంటరిగా ఉండాలనుకుంటోంది పాపం అనుకొని ఉంటావు.

రెండో తారీకు పొద్దున నేను ఊళ్లో దిగేసరికి ఎప్పుడూ కనబడే తెల్లటి పొగమబ్బు లేదు. ఊరు మొహం కడుక్కున్నట్టుంది. నలభై రెండు బట్టీల నోళ్లూ మట్టితో మూసేశారు. ఇది మా ఊళ్లోనే ఉన్న ఆచారం. మేస్త్రి పోతే ఊళ్లో ఏ బట్టీలోనూ నిప్పు ఉండకూడదు. పదకొండో రోజు పోయినవాడి పెద్దబిడ్డ, కొడుకైనా కూతురైనా, ఆయన బట్టీని వెలిగించాలి. ఆ నిప్పు తీసుకెళ్లి మిగతావాళ్లు తమ బట్టీలు వెలిగించుకుంటారు.

మా బాబాయి పున్నయ్య, నాన్న తమ్ముడు, నన్ను పట్టుకుని ఏడ్చి తర్వాత నిదానంగా చెప్పాడు. "మేస్త్రి పోయాడు గదమ్మా. నిప్పుకి కూడా మైల ఉంటది. పదకొండో రోజుదాకా ఒక్క బట్టీ కూడా రగలదు. ఎవురూ ఒక్క మాట అనలేదు, వాళ్లంతట వాళ్లే మట్టేశారు. మా అన్నంటే అంత ఇదిరా ఊరికి."

నేను ఏం చేశానో తెలుసా ఫర్హానా? నాన్న పాదాల దగ్గర కూర్చుని తారీకులు లెక్కపెట్టాను. పదకొండో రోజు పదకొండో తారీకు. కొలత పదితో అయిపోతుంది. ఊరి పొలిమేరలో స్తంభం మీద నా ముక్కు పచ్చదీపం వెలిగించుకుని సిద్ధంగా ఉంది. అది రేపట్నుంచి ఎనిమిది రోజులు ఈ ఊరు పొగే ఎరగదని రాసుకుంటుంది. మా నాన్నకి ఊరు చేసిన మర్యాదే ఊరి మెడకి ఉరవుతుంది.

నేను ఒక్క మాట చెబితే వాళ్లు వెలిగించేవాళ్లా? ఏమో. చెప్పకూడదు, ప్రమాణముంది. తిరిగి వెళ్లాక మా పై అధికారి మార్తాండరావు గారికి చెప్పి సరిచేయిద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. పదకొండో రోజు పొద్దున స్నానం చేసి, తడిబట్టలతో నాన్న బట్టీ నోట్లో నిప్పు పెట్టాను. బాబాయి వెనక నుంచి నా చెయ్యి పట్టుకుని చూపించాడు. రాయి, బొగ్గు, రాయి, బొగ్గు అని పొరలు పేర్చి ఉంటాయి, కింద నుంచి రగలాలి. మంట అందుకోగానే నలభై ఒక్కమంది పారలతో నిప్పు తీసుకుని పరుగెత్తారు. మధ్యాహ్నానికి ఊరు మళ్లీ తెల్లబడింది. బాబాయి సంఘం రిజిస్టరు తెచ్చి అందరి ముందూ రాశాడు: వీరాస్వామి మేస్త్రి ఫలానా రోజు పోయాడు, బట్టీలన్నీ ఆరినవి, పదకొండో రోజు పెద్దబిడ్డ అంకమ్మ వెలిగించినది.

ప్రయోగశాలకి తిరిగొచ్చిన మూడో రోజు నువ్వు నా గదిలోకి వచ్చావు. చేతిలో పల్నాడు పటం.

"మేడమ్, తెల్లపాడు ముక్కు పాడైందేమో. నలభై రెండు బట్టీలున్నాయని పాత సర్వేలో ఉంది. ఎనిమిది రోజులూ ఏమీ చూపించలేదు."

"ఇప్పుడెలా ఉంది?"

"పదకొండో తారీకు నుంచి బ్రహ్మాండంగా చూపిస్తోంది. అదే నాకు అర్థం కావట్లేదు. ఎవరినైనా పంపి కనుక్కుందామా?"

అప్పటికి నేను మార్తాండరావు గారిని కలిసొచ్చాను. విషయం చెప్పడానికే వెళ్లాను. గుమ్మంలోనే ఆయన అన్నాడు, "అంకితా, ఒక్క ఊరి కొలత తిరిగి తెరిచినా పెద్ద ఫ్యాక్టరీల లాయర్లు దేశమంతా తెరవమంటారు. ఏ తప్పున్నా గట్టి సాక్ష్యంతో రావాలి, లేకపోతే నోరెత్తకూడదు." గట్టి సాక్ష్యం నేనే. కొలత జరిగిన ఎనిమిది రోజులూ అక్కడున్నది నేనే. కానీ అక్కడెందుకున్నావమ్మా అంటే ఏం చెప్పను? బంధువులు లేరని రాసిన చేత్తోనే బట్టీ వెలిగించానని చెప్పాలి. దొంగకి తేలు కుట్టినట్టు ఏమీ లేదండీ అని వెనక్కి వచ్చేశాను.

నీతో అన్నాను, "ముక్కు సరిగ్గానే ఉంది ఫర్హానా. ఆ బట్టీలు ఏడాదిలో కొన్నాళ్లే నడుస్తాయనుకుంటా. వదిలెయ్."

నువ్వు వదిలేశావు. నన్ను నమ్మావు. అందులో నీ తప్పేమీ లేదని ఈ ఫైల్లో స్పష్టంగా ఉండాలి, అందుకే రాస్తున్నాను.

తర్వాతి ఏప్రిల్లో బాబాయి ఫోను. "అంకమ్మా, మనకేదో కాయితం వచ్చింది. మీ ఊళ్లో పొగ లేదు, కాబట్టి వాటా లేదు అంట. ఇదేందే, కళ్ల ముందర పొగ కనపడతంటే. మేం ఏదో కాయితం నింపడం తప్పినట్టున్నాం. నువ్వు ఆ ఆఫీసులోనే గదా, కాస్త చూసి చెప్పు తల్లీ."

"చూస్తాను బాబాయ్."

ఆ మాట రెండేళ్లు చెప్పాను. మొదటేడు వాళ్లు వాటాలు బజారులో కొన్నారు. గేదెల్ని అమ్మినవాళ్లున్నారు, మెడలో గొలుసు తీసినవాళ్లున్నారు. రెండో ఏడు ధర పెరిగింది. పెద్ద పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలతో పోటీపడి గోనెపట్టాల మనుషులు గాలి ఎక్కడ కొంటారు? బట్టీలు ఒకటొకటే ఆరాయి. ఎవరూ చావకుండానే ఆరాయి. కొందరు హైదరాబాదు అపార్టుమెంట్లకి వాచ్‌మన్లుగా వెళ్లారు. మా చిన్నప్పటి రావులమ్మత్త రోడ్డు పనికి పోతోందని పిన్ని ఫోనులో చెప్పింది. చెప్పి, "నీకు ఎండలు ఎట్టా ఉన్నాయమ్మా, మజ్జిగ తాగతన్నావా" అని అడిగింది.

నాకు ఆ ఏడాది జాతీయ పురస్కారం వచ్చింది. తెల్లపాడు బస్టాపులో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. 'దేశపు గాలిని కొలిచిన మా ఊరి ఆడబిడ్డ' అని. ఆ ఫొటో నాకు పంపారు. ఫ్లెక్సీ వెనక ఆరిపోయిన బట్టీలు కనబడుతున్నాయి. తల కొట్టేసినట్టయింది. ఫోనులోంచి ఆ ఫొటో చెరిపేశాను. చెరిపితే పోతుందా?

మూడో ఏడు వాళ్లు అప్పీలు పెట్టుకున్నారు. గుంటూరులో విచారణ. రిటైరైన జడ్జిగారు పెద్ద, సాంకేతిక సభ్యురాలిని నేను. తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఎందుకని అడుగుతారు. కాబట్టి వెళ్లి కూర్చున్నాను. నాకు ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి గుర్తు రావట్లేదు.

బాబాయి పదిమందితో వచ్చాడు. ఉతికిన పంచె, చంకలో రిజిస్టరు. నన్ను చూశాడు. చూసి, కళ్లు పక్కకి తిప్పుకున్నాడు. ఆశ్చర్యపడలేదు. ఇంగ్లీషులో వచ్చిన విచారణ నోటీసులో నా పేరు అచ్చయి ఉందని, ఊళ్లో మాస్టారు చదివి చెప్పి ఉంటాడని అప్పుడు తట్టింది. నా 'చూస్తాను' అన్న మాటకి అర్థం ఆయనకి తెలిసిపోయింది.

జడ్జిగారు అడిగారు, "ఆ పదకొండు రోజులూ బట్టీలు ఆరి ఉన్నాయనడానికి సాక్ష్యం ఏమిటి?"

"రిజిస్టరుందయ్యా. మా అన్న పోయాడు. బట్టీలన్నీ ఆర్పాం. పదకొండో నాడు ఆయన పెద్దబిడ్డ వెలిగించింది."

"మీరంతా బట్టీలవాళ్లే. మీ సాక్ష్యం చెల్లదు. బయటి మనిషి ఎవరైనా చూశారా? ఆ పెద్దబిడ్డ బట్టీ పనిలో ఉందా?"

"లేదయ్యా. చదువుకుంది."

"మరి ఆమెని పిలవండి. ఎక్కడుంది?"

బాబాయి చంకలో రిజిస్టరు సర్దుకున్నాడు. పక్కనున్న పది మందీ నేల చూపులు చూస్తున్నారు. అందరికీ తెలుసు. ఒక్కడు నా వైపు చూసి ఉంటే, ఒక్కడు వేలు చూపించి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

"ఊళ్లో లేదయ్యా," అన్నాడు బాబాయి.

జడ్జిగారు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆ పేజీ తిప్పి నాకు చూపించారు. పెద్దబిడ్డ అన్న మాట తర్వాత పేరుండాల్సిన చోట బొటనవేలంత తెల్లటి మచ్చ. తడిసున్నం పూసి ఆరబెట్టారు. "ఇక్కడ దిద్దారు. దిద్దిన రికార్డు ఎలా నమ్మమంటారు?" అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, "డాక్టరుగారూ, మీ పరికరం ఏమైనా తప్పు చూపించి ఉంటుందా?"

"లేదండీ. పరికరం సరిగ్గానే పనిచేసింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అప్పీలు కొట్టేశారు. బయటికొస్తుంటే వరండాలో బాబాయి ఎదురయ్యాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బట్టీల చుట్టూ తిప్పిన మనిషి, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ మేడమ్‌గారూ" అని పక్కకి తప్పుకుని దారిచ్చాడు. నేను తలూపి కారెక్కాను. కారులో ఒక సంచి ఉంది. "ఎవరో పెద్దాయన ఇచ్చి వెళ్లాడు మేడమ్, ఇంట్లో చేసినయ్యంట" అన్నాడు డ్రైవరు. పిన్ని చేసిన కారప్పూస. హైదరాబాదు దాకా ఆ సంచి నా పక్కనే ఉంది. నేను ముట్టుకోలేదు.

ఈ నెల తొమ్మిదిన బాబాయి పోయాడు. ఆయనే ఊరికి చివరి మేస్త్రి. ఈసారి కూడా నీకు 'దగ్గరి బంధువు మరణం' అనే పంపాను, ఊరి పేరు లేకుండా. అలవాటు.

ఇప్పుడు ఊళ్లో నిలిచి ఉన్నవి మూడు బట్టీలు. మిగతావాటి రాళ్లు విప్పి అమ్ముకున్నారు. శవాన్ని సాగనంపి వచ్చాక పెద్దవాళ్లు బట్టీల దగ్గర నిలబడ్డారు, ఏం చేయాలో తెలియక. పిన్ని అంది, "ఆరపడానికి నిప్పేదీ? ఈయనకి ఆ మర్యాద కూడా లేకుండా పోయింది."

ఆ సాయంత్రం పిన్ని రిజిస్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీకే ఇమ్మన్నాడు. నీ కొలువు పోకూడదని పూశాడమ్మా. విచారణకి ముందు రోజు గోడకేసే సున్నం వేలితో తీసి పూశాడు. నేను వద్దన్నా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టు గదే, మన పిల్లే గదా, అన్నాడు."

నేను మొత్తం చెప్పేశాను. తారీకులు నాకు ముందే తెలుసని, ఫారంలో మీరెవరూ లేరని రాశానని, ఫర్హానా అనే అమ్మాయి అడిగితే వదిలెయ్ అన్నానని. పిన్ని వింది. కొట్టలేదు, తిట్టలేదు.

"అప్పుడే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదే. కొలువు పోతే పోయేది. రాళ్లు మోసైనా నిన్ను సాకేవాళ్లం."

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, పక్కేసింది, మాట్లాడలేదు.

బాబాయికి పిల్లల్లేరు. పదో రోజు రాత్రి పెద్దల ముందు నేను వెలిగిస్తానన్నాను. వాళ్లు భయపడ్డారు. ముక్కు పసిగడితే ఊరి మీద పడతారన్నారు. "పడితే నా మీద పడతారు, అందుకే వెలిగిస్తున్నా" అన్నాను. పిన్ని లోపలికి వెళ్లి, పొయ్యిలోకని దాచుకున్న అర బస్తా బొగ్గు ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. పొద్దున స్నానం చేసి, తడిబట్టలతో బాబాయి బట్టీలో నాలుగు తట్టల రాయి పేర్చి కింద నిప్పు పెట్టాను. ఈసారి నా చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. నిప్పు తీసుకుని పరుగెత్తేవాళ్లూ లేరు. అందరూ నిలబడి చూశారు. ఇరవై నిమిషాల్లో పొలిమేర స్తంభం మీద దీపం ఎర్రబడింది. నా ముక్కు చక్కగా పనిచేస్తోంది ఫర్హానా. ఎప్పుడూ చక్కగానే పనిచేసింది.

ఇక నిబంధన. మొదటి కొలత తప్పైతే ఏడేళ్లలోపు, బట్టీ పనిలో లేని మనిషి, ఆ రోజుల్లో అక్కడ స్వయంగా ఉన్న మనిషి సంతకం పెట్టి చెబితే తిరిగి తెరవాలి. పద్నాలుగో నిబంధన. దాన్ని రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఇంకా పది నెలల గడువుంది. తెరిస్తే నలభై రెండు బట్టీల వాటా వెనక్కి వస్తుంది. రాళ్లు మళ్లీ పేర్చుకోవచ్చు. అందరూ రారు, కొందరైనా వస్తారు. లాయర్లు దేశమంతా తెరవమంటే తెరవండి. నా ఉద్యోగం, ఆ పురస్కారం, తప్పుడు ఫారం మీద పెట్టే కేసు, అన్నీ విడిగా చూసుకుందాం. నేను ఎక్కడికీ పోను. పిన్ని ఇంట్లోనే ఉంటాను, ఉండనిచ్చినన్నాళ్లు.

రిజిస్టరు కూడా జత చేస్తున్నాను. తెల్లమచ్చని గోటితో గీకాను. ఆరేళ్ల నాటి సిరా మీద మూడేళ్ల నాటి సున్నం, రాయిలా గట్టిపడింది, పొరలు పొరలుగా రాలింది. కింద బాబాయి రాత చెక్కుచెదరలేదు. అంకమ్మ అని ఉంది.

నీ ప్రశ్నకి జవాబు: తెల్లపాడులో బట్టీ వెలిగించింది నేనే. రెండుసార్లూ నేనే.

ఇట్లు,
అంకమ్మ
తెల్లపాడు బట్టీ మేస్త్రి వీరాస్వామి పెద్దబిడ్డ